యాభై దగ్గర నిలవడం నేర్చుకున్న గ్రిడ్

విద్యుత్ సంస్థలు చేతులు కలపడం మనకు కొత్త కాదు. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలైనప్పుడే ఆంధ్ర, ఒడిశా ఒకే నది నీటితో పుట్టిన కరెంటును వాటాలు వేసుకున్నాయి. తుంగభద్ర దగ్గర కర్ణాటకతోనూ అలాంటి ఏర్పాటే జరిగింది. అయితే వాటాలు పంచుకోవడం ఒక ఎత్తు, కలిసి నడపడం మరో ఎత్తు. రెండోది నేర్చుకోవడానికి మన దేశానికి అర్ధ శతాబ్దం పట్టింది. అందరూ ఒకే లెక్కను ఒకే సమయంలో చూడగలిగిన తరవాతే అది సాధ్యమైందని ఈ చరిత్రను పరిశీలిస్తే నాకు అనిపిస్తుంది.

1948 చట్టంతో రాష్ట్రాల విద్యుత్ బోర్డులు ఏర్పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ బోర్డు 1959లో పుట్టింది. ఉత్పత్తి, సరఫరా, పంపిణీ, బిల్లు వసూలు అన్నీ బోర్డువే. పొరుగు రాష్ట్రంతో పని పడేది తక్కువ. 1964లో దేశాన్ని అయిదు ప్రాంతాలుగా విభజించి ప్రాంతీయ బోర్డులు పెట్టారు. దక్షిణాదిది బెంగళూరులో వెలిసింది. రాష్ట్రాల మధ్య లైన్లు పడ్డాయి. లైను పడ్డాక సరిహద్దుకు అర్థం మారిపోతుంది. కలిసి ఉన్న గ్రిడ్‌లో జనరేటర్లన్నీ ఒకే లయలో తిరగాలి. ఆ లయే ఫ్రీక్వెన్సీ, మన దగ్గర అది 50 హెర్ట్జ్. వాడకం ఉత్పత్తిని మించితే అది పడిపోతుంది, ఉత్పత్తి ఎక్కువైతే పెరుగుతుంది. తమిళనాడు అదనంగా లాగితే కేరళలోనూ, రాయలసీమలోనూ అదే క్షణంలో ఫ్రీక్వెన్సీ పడుతుంది. లైన్ల ద్వారా బంధుత్వం కుదిరింది గానీ, ఎవరేం చేస్తున్నారో ఎవరికీ సకాలంలో తెలిసేది కాదు.

ఉత్పత్తినీ వాడకాన్నీ సరిచూసే లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో అప్పటి పనిముట్లు మూడే: విద్యుత్ లైన్ల మీదుగానే మాట మోసుకొచ్చే క్యారియర్ ఫోను, గోడ మీద మీటరు, బల్ల మీద లాగ్ షీటు. సబ్‌స్టేషన్ ఆపరేటరు గంటకోసారి మెగావాట్లు చదివి చెబితే ఇవతల రాసుకునేవారు. అన్ని చోట్ల నుంచి అంకెలు చేరేసరికి వాస్తవం మారిపోయేది. అంతకన్నా పెద్ద లోపం డబ్బు లెక్కలో ఉంది. ఏ రాష్ట్రం ఎంత వాడిందో నెలకు మొత్తంగా చూసేవారు. సాయంత్రం ఏడింటికి కొరతలో లాగిన యూనిట్‌కూ, అర్ధరాత్రి మిగులులో లాగిన యూనిట్‌కూ ఒకటే ధర. విద్యుత్ కేంద్రాలకు ఎంత ఉత్పత్తి చేస్తే అంత ప్రోత్సాహకం. దాంతో తూర్పు ప్రాంతంలో గిరాకీ లేని వేళ కూడా ఉత్పత్తి తగ్గించేవారు కాదు, ఫ్రీక్వెన్సీ 51 దాటేది. దక్షిణాదిలో అది 48.5 కన్నా దిగువన గంటల తరబడి నడిచేది. సమావేశాల్లో తీర్మానాలు అవుతూనే ఉండేవి. ఎవరిదీ దురుద్దేశం కాదు. పొరుగువాడికి ఇబ్బంది కలిగిస్తే దాని ఖర్చు తన పద్దులో కనిపించని చోట ఏ ఇంజినీరు మాట మాత్రం ఎవరు వింటారు?

ఈ చిక్కుముడిని విప్పినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు భాను భూషణ్. కేంద్ర ప్రసార సంస్థ పవర్ గ్రిడ్‌లో పనిచేసి, తరవాత కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ సభ్యుడైన ఇంజినీరు ఆయన. ఆయన రూపుదిద్దిన పద్ధతిని లభ్యత ఆధారిత టారిఫ్ అంటారు. రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 భాగాలు చేశారు. ఏ భాగంలో ఎంత తీసుకుంటారో రాష్ట్రాలు ముందు రోజే చెప్పాలి. చెప్పినదానికీ, వాస్తవంగా లాగినదానికీ మధ్య తేడాకు ధర ఉంటుంది. ఆ ధర ఆ పదిహేను నిమిషాల ఫ్రీక్వెన్సీని బట్టి మారేది. 50.5 దగ్గర సున్నా; 49.02కు దిగితే మొదట్లో యూనిట్‌కు 4 రూపాయల 20 పైసలు. కమిషన్ 2000 జనవరిలో ఉత్తర్వు ఇచ్చినా, అమలు 2002 జులైలో పశ్చిమ ప్రాంతంతో మొదలై, 2003 జనవరి 1న దక్షిణాదికి వచ్చింది. దీనికి కావలసిన సాధనం పదిహేను నిమిషాలకోసారి రీడింగును తనలో దాచుకునే ఎలక్ట్రానిక్ మీటరు. ఏళ్ల తరబడి సమావేశాలు సాధించలేని క్రమశిక్షణ కొద్ది నెలల్లోనే కనిపించింది. ఫ్రీక్వెన్సీ ఇక ప్రతి రాష్ట్రం గోడ మీదా ధరల పట్టికలా కనిపించేది. తక్కువ ఉన్నప్పుడు జలవిద్యుత్ యంత్రం తిప్పితే లాభం, ఎక్కువ ఉన్నప్పుడు థర్మల్ తగ్గిస్తే లాభం. ఒకరు ఆదేశించకుండానే అందరూ ఒకే దిశలో కదిలారు. మన విద్యుత్ రంగంలో వచ్చిన డిజిటల్ మార్పులన్నిటిలోకీ ఈ మీటరుకే నేను పెద్దపీట వేస్తాను. తరవాత వచ్చిన ఖరీదైన కంప్యూటర్లకు కూడా ఆ స్థానం ఇవ్వను.

కంప్యూటర్లు కూడా అప్పుడే వచ్చాయి. రాష్ట్ర, ప్రాంతీయ కేంద్రాలను ఫైబర్ లైన్లతో, దూరం నుంచే అంకెలు సేకరించే స్కాడా వ్యవస్థతో కలిపే పని 2002 ప్రాంతంలో ఉత్తర, దక్షిణ ప్రాంతాల్లో ముందుగా పూర్తయింది. ఫోనులో చదివి చెప్పే అంకెలు తెర మీదకు వచ్చాయి.

గ్రిడ్‌లు కూడా ఒక్కొక్కటే కలిశాయి. 1991లో తూర్పు, ఈశాన్యం. 2003లో వాటితో పశ్చిమం. 2006 ఆగస్టులో ఉత్తరం. దక్షిణం మాత్రం వేరుగా ఉండిపోయింది. దానికీ మిగతా దేశానికీ మధ్య కరెంటు హెచ్‌వీడీసీ (అధిక వోల్టేజీ డీసీ) కేంద్రాల ద్వారానే నడిచేది. వాటిలో ఒకటి విశాఖ దగ్గరి గాజువాకది. ఒడిశాలోని జయపురం నుంచి వచ్చిన ఏసీని అక్కడ డీసీగా, మళ్లీ ఏసీగా మార్చేవారు. రెండు వైపులా ఫ్రీక్వెన్సీ వేరువేరుగా ఉన్నా, ఎంత కావాలంటే అంతే పంపవచ్చు.

2012 జులై 30 తెల్లవారుజామున 2.33కు ఉత్తర గ్రిడ్ మొత్తం కూలింది. మరునాడు మధ్యాహ్నం ఒంటిగంటకు ఉత్తరం, తూర్పు, ఈశాన్యం మూడూ కలిసి కూలాయి. దాదాపు 48,000 మెగావాట్ల లోడు పోయింది. ఆ ప్రాంతాల్లో ఉండే జనం 60 కోట్ల పైమాటే. రైళ్లు నిలిచాయి, గనుల్లో కార్మికులు చిక్కుకున్నారు. మొదటి రోజు ఆరంభం బీనా-గ్వాలియర్ 400 కేవీ లైనులో జరిగింది. ఆ లైను మీద పిడుగు పడలేదు, తీగ తెగలేదు. రాష్ట్రాలు వాటాకు మించి లాగడంతో లైను మీద బరువు పెరిగింది. దూరాన జరిగే లోపాన్ని కనిపెట్టాల్సిన రిలే ఆ బరువును చూసి లోపం అనుకుని లైనును విడదీసింది. ఆ భారం పక్క లైన్ల మీద పడి, అవీ ఒకదాని వెంట ఒకటి పోయాయి. ధరతో నేర్పిన క్రమశిక్షణకు హద్దు ఉందని ఆ రెండు రోజులూ చూపించాయి. ఫ్రీక్వెన్సీ బాగున్నంత మాత్రాన ఏ లైనుకు ఊపిరాడడం లేదో తెలియదు. అది తెలియాలంటే అన్ని చోట్లా ఒకే క్షణంలో కొలవాలి. స్కాడా అంకెలు కొన్ని సెకన్లు ఆలస్యంగా, ఒక్కో చోటి నుంచి ఒక్కో క్షణానికి చెందినవిగా వస్తాయి.

ఆ కొలత చేసే పరికరం పేరు ఫేజర్ మెజర్‌మెంట్ యూనిట్, వాడుకలో పీఎంయూ. 1988 ప్రాంతంలో అమెరికాలోని వర్జీనియా టెక్‌లో అరుణ్ ఫడ్కే, జేమ్స్ థార్ప్‌ల బృందం దాన్ని తయారుచేసింది. జీపీఎస్ గడియారం ముద్రతో సెకనుకు పాతిక సార్లు వోల్టేజీ, కరెంటు, వాటి కోణాలు పంపుతుంది. మన దగ్గర 2010లో ఉత్తర ప్రాంతంలో నాలుగుతో ప్రయోగంగా మొదలైంది. 2012 తరవాత పవర్ గ్రిడ్ వాటిని దేశమంతటా వెయ్యికి పైగా అమర్చడానికి పూనుకుంది. అంకెలు కుప్పపోస్తే సరిపోదు, వాటి నుంచి అర్థం లాగాలి. ఆ సాఫ్ట్‌వేర్‌ను పవర్ గ్రిడ్ ఐఐటీ బొంబాయితో కలిసి రాయించుకుంది. అందులో ఒక భాగం, బరువును లోపంగా పొరబడే ప్రమాదమున్న రిలేలను ముందే పసిగట్టడం. బీనా-గ్వాలియర్ నేర్పిన పాఠం తరగతి గది చేరి, మళ్లీ కంట్రోల్ రూముకు తిరిగివచ్చింది. సంస్థలు కలిసి పనిచేయడం అంటే ఒప్పంద పత్రాల మీద సంతకాలు కాదు, ఇలాంటి ప్రయాణమే.

2012లో దక్షిణాది వేరుగా ఉండబట్టి బయటపడింది. అదే వేర్పాటు మనల్ని పస్తు పెట్టింది కూడా. ఉత్తరాన మిగులున్నా తెచ్చుకోవడానికి దారి చాలక, విద్యుత్ ఎక్స్చేంజీలో దక్షిణాది ధర విడిగా పైకెక్కేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరిశ్రమలకు పవర్ హాలిడేలు మరచిపోయే విషయం కాదు. 2013 డిసెంబరు 31 రాత్రి 8.25కు రాయచూరు-షోలాపూరు 765 కేవీ లైను ద్వారా దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. కొద్ది వారాల్లోనే, 2014 ఫిబ్రవరిలో, అనుమతించే ఫ్రీక్వెన్సీ పరిధిని 49.90-50.05కు కుదించారు.

ఈ ఏర్పాటుకు 2020 ఏప్రిల్ 5 రాత్రి పరీక్ష ఎదురైంది. తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలు దీపాలు ఆర్పాలని ప్రధాని పిలుపునిచ్చారు. గిరాకీ 12 నుంచి 14 వేల మెగావాట్లు తగ్గుతుందని అంచనా. వాస్తవంగా 31 వేలకు పైగా పడిపోయింది, మళ్లీ నిమిషాల్లో లేచింది. జాతీయ గ్రిడ్‌ను నడిపే సంస్థ, అప్పుడు కె.వి.ఎస్. బాబా నాయకత్వంలో ఉన్న పోసోకో, రాష్ట్రాల కేంద్రాలతో, జలవిద్యుత్ సంస్థలతో ముందే వరస కుదుర్చుకుంది. తొమ్మిదికి ముందు థర్మల్‌ను తగ్గించి జలవిద్యుత్‌ను నింపి ఉంచారు, దీపాలు ఆరుతున్నకొద్దీ ఆ యంత్రాలను దించారు, వెలుగుతున్నకొద్దీ ఎత్తారు. అంచనా రెండింతలకు పైగా తప్పినా గ్రిడ్ నిలబడింది. 2012లో కూలిన గ్రిడ్ అదే!

ఇప్పుడు మనిషి చేయి పడకుండానే సర్దుబాటు జరిగే దశ నడుస్తోంది. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని దాద్రి విద్యుత్ కేంద్రంలో మొదలై, తరవాత విశాఖ దగ్గరి సింహాద్రికీ వచ్చిన ఆటోమేటిక్ జనరేషన్ కంట్రోల్ ఢిల్లీ నుంచి నాలుగు సెకన్లకోసారి విద్యుత్ కేంద్రానికి సంకేతం పంపుతుంది. మబ్బు కమ్మితే పడిపోయే కర్నూలు సౌర విద్యుత్తుకు ఇలాంటి తోడు తప్పనిసరి. 2020లో ప్రారంభించిన 11 పునరుత్పాదక విద్యుత్ నిర్వహణ కేంద్రాలు గాలి, ఎండ ముందస్తు అంచనాలు కడుతున్నాయి. వాటిలో ఒకటి ఆంధ్రప్రదేశ్‌ది. వాటి వెనక జర్మనీ సాంకేతిక సహకారం ఉంది.

ఈ కథ పెద్ద సబ్‌స్టేషన్ దగ్గరే ఆగిపోవడం నన్ను బాధించే విషయం. 765 కేవీ లైనును సెకనుకు పాతిక సార్లు చూడగలం. ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత బరువుందో పంపిణీ సంస్థకు, అంటే డిస్కంకు, చాలాచోట్ల అది కాలిపోయాకే తెలుస్తుంది. 2024లో మొదలైన సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్ల మీద సౌర ఫలకాలు. ఆ ఉత్పత్తి లోడ్ డిస్పాచ్ సెంటర్ తెర మీద కనిపించదు, గిరాకీ తగ్గినట్టు మాత్రమే తోస్తుంది. స్మార్ట్ మీటర్లను కేవలం బిల్లు వసూలు పనిముట్లుగా చూడడం మన డిస్కంలు మానుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ స్థాయి లెక్కలను రాష్ట్ర లోడ్ డిస్పాచ్ సెంటర్‌తో, మన ఇంజినీరింగ్ కళాశాలలతో, చివరికి ఆ ఊరి వినియోగదారులతో పంచుకోవాలి. దేశ స్థాయిలో ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని ఇది. రెండు తెలుగు రాష్ట్రాల నియంత్రణ మండళ్లు దీన్ని తప్పనిసరి చేయాలి.