దోమల మందు దారంలోకి చేరిన వైనం

దోమను పారదోలే మందు మనిషికి ఎప్పుడో దొరికింది. దాన్ని తెల్లవార్లూ నిలపడమే కష్టమైంది. చామంతి జాతి పైరెత్రం పూల పొడికి పురుగులు చస్తాయని యూరప్‌లోని డాల్మేషియా ప్రాంతంలో ముందునుంచీ తెలుసు. జపాన్‌లోని వాకాయామాకు చెందిన ఉయెయామా ఎయిచిరో 1890లో ఆ పొడితో అగరువత్తి చేశాడు. అది 40 నిమిషాలకే ఆరిపోయేది. 1895లో ఆయన భార్య యుకి వత్తిని పొడుగ్గా చేసి చుట్టమంది. 1902లో అమ్మకానికి వచ్చిన ఆ చుట్టే మస్కిటో కాయిల్. మందు మారలేదు, అది గాలిలో కలిసే వేగాన్ని అదుపు చేశారు, అంతే.

ఈలోగా 1897లో వైద్యుడు రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. అప్పటినుంచి దోమతెర హాయిగా నిద్రపోవడానికే కాక ప్రాణరక్షణకూ అవసరమైంది. కానీ చిన్న చిరుగు పడినా, నిద్రలో చెయ్యి తెరకు ఆనినా దోమ కుడుతుంది. అందుకే 1980లలో ఆఫ్రికాలో తెరలను పర్మెత్రిన్ అనే పురుగుమందు కలిపిన నీళ్లలో ముంచి ఆరేసే పద్ధతిని పరీక్షించారు. గాంబియాలో జరిపిన పరీక్ష ఫలితాలు 1991లో వెలువడ్డాయి. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాలు 63 శాతం తగ్గాయి. ఇంత మంచి మందు కూడా ఉతికినకొద్దీ పోయేది. కొన్ని నెలలకోసారి మళ్లీ ముంచాలి. పొలం పని, ఇంటి పని మధ్య తల్లులకు అది సాగలేదు. అందులో ఆ తల్లుల తప్పేమీ లేదు, లోపం తెరదే.

ఆ లోపాన్ని జపాన్‌కు చెందిన సుమిటోమో కెమికల్ సంస్థ దారంలోనే సరిదిద్దింది. కరిగిన పాలిథిలిన్‌లో పర్మెత్రిన్ కలిపి, సన్నని రంధ్రాల గుండా పోగులు తీశారు. ఉతికినప్పుడు పైనున్న మందు పోతుంది. లోపలున్నది మెల్లగా పైకి ఊరి, కొన్ని రోజుల్లో ఆ లోటు తీరుస్తుంది. ఒలిసెట్ పేరుగల ఈ తెరను 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. తర్వాత టాంజానియాలోని అరుషాలోనూ తయారీ మొదలైంది. 2000–2015 మధ్య మలేరియా నివారణ చర్యల వల్ల ఆఫ్రికాలో తప్పిన కేసుల్లో 68 శాతం మందు తెరల చలవేనని అంచనా.

అయితే పాలిథిలిన్ మట్టిలో కలవదు. చిరిగి పారేసిన తెరలు అలాగే పడి ఉంటాయి. దీనికి విరుగుడుగా పరిశోధకులు మొక్కజొన్న, చెరకు చక్కెరలతో తయారయ్యే పాలీలాక్టిక్ ఆమ్లం అనే ప్లాస్టిక్‌ను ఎంచుకున్నారు. దాని పోగుల్లో డీట్ అనే దోమల వికర్షకాన్ని నింపడం వాళ్ల ప్రయత్నం. 1946లో అమెరికా సైన్యం కోసం వచ్చిన డీట్ ఒంటికి పూస్తే కొన్ని గంటలే పనిచేస్తుంది. పోగులో పొదిగితే అంతకన్నా చాలా ఎక్కువ కాలం విడుదలవుతుంది. పోగు తీసేందుకు కావలసిన వేడికి డీట్ కొంత ఆవిరైపోవడం, ఆ ప్లాస్టిక్‌ను మెత్తబరచడం ఇందులోని చిక్కులు.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. పాలీలాక్టిక్ ఆమ్లం 60 డిగ్రీల దాకా వేడెక్కే కంపోస్టు కేంద్రాల్లో కొన్ని నెలల్లో శిథిలమవుతుంది. మామూలు మట్టిలో ఏళ్లు పడుతుంది. మట్టిలో కలిసే దారమని అమ్మేవాళ్లు, అది ఎక్కడ, ఎంతకాలానికి కలుస్తుందో కూడా చెప్పాలి.