ఓకే, క్యాన్సిల్, అప్లై: ప్రతిపదార్థం

విండోస్ 95 నుంచి కంట్రోల్ ప్యానెల్‌లో ఏ ప్రాపర్టీస్ పెట్టె తెరిచినా అడుగున కుడివైపు ఈ మూడు బటన్లే. విడివిడిగా చదివితే తేలికే. చిక్కంతా అన్వయంలో ఉంది.

ఓకే: మార్పులు అమలు చేసి పెట్టె మూసెయ్. మార్చిందేమీ లేకపోతే ఊరికే మూసెయ్. ముందు అప్లై, ఆ తర్వాత ఓకే నొక్కడం చాలా ఆఫీసుల్లో ఆచారమైపోయింది. నష్టం లేదు, అవసరమూ లేదు.

అప్లై: అమలు చెయ్, పెట్టె మాత్రం తెరిచే ఉంచు. చూసి మళ్లీ సర్దుకోవాల్సిన వాటికి ఇది పనికొస్తుంది. మార్పేదీ చేయనంతసేపూ బూడిద రంగులో ఉంటుంది కాబట్టి, అమలు కానిది ఇంకా మిగిలి ఉందని చెప్పే దీపం కూడా ఇదే. అయితే మార్పు జరిగిందన్న కబురు ఆ పేజీ రాసిన ప్రోగ్రామరు పంపితేనే అది వెలుగుతుంది. ట్యాబులున్నచోట మరో మెలిక: అప్లై ఎదుట కనిపిస్తున్న ట్యాబుకే అనుకుంటాం. పక్క ట్యాబులో ఇందాక మార్చి మరిచిపోయిందీ దాంతోపాటే అమలవుతుంది.

క్యాన్సిల్: ముగ్గురిలో మాట తప్పేది ఇదే. అప్లై నొక్కకముందు దీని అర్థం ‘తెరిచినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండనీ’. నొక్కాక ‘ఆ అప్లై తర్వాత చేసినవి మాత్రం వదిలెయ్’. అర్థం మారినా బటన్ మీది అక్షరాలు మారవు. వెనక్కి తీసుకోలేని మార్పు జరిగినప్పుడు ఓకేను క్లోజ్‌గా మార్చి, క్యాన్సిల్‌ను నొక్కనివ్వకుండా చేసే ఏర్పాటు విండోస్‌లో ఉంది. దాన్ని వాడాలన్న బుద్ధి ప్రోగ్రామరుకు పుట్టాలి, అంతే.

మూలనున్న ఇంటూ గుర్తు: క్యాన్సిల్‌కు మారుపేరు.

బటన్లే లేని పెట్టె: తాకితే చాలు, అమలు. మ్యాక్ ఓఎస్ ఎక్స్, 2002లో వచ్చిన లినక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్ 2 ఈ దారి పట్టాయి. ఫైర్‌ఫాక్స్ అయితే ఒకప్పుడు మ్యాక్‌లో, లినక్స్‌లో వెంటనే అమలు చేసేది, విండోస్‌లో మాత్రం ఓకే కోసం ఆగేది. 2015 నాటి విండోస్ 10 సెట్టింగ్స్‌లోనూ తాకగానే అమలే. కానీ అక్కడి ఒక్క లింకు నొక్కితే పాత పెట్టె తెరుచుకుని మళ్లీ అప్లై అడుగుతుంది.

సేవ్: రౌటర్ల దగ్గర దీని అసలు రంగు బయటపడుతుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ పేజీల్లో ‘సేవ్’ వేరు, ‘సేవ్ అండ్ అప్లై’ వేరు. కొత్త వైఫై పాస్‌వర్డ్ పెట్టి ఉత్త సేవ్‌తో సరిపెట్టుకుంటే ఇంట్లో పాతదే పనిచేస్తూ ఉంటుంది. సిస్కో రౌటర్లది ఇందుకు తలకిందుల వ్యవహారం. టైపు చేసిన ఆజ్ఞ అప్పటికప్పుడే అమలవుతుంది. దాన్ని స్టార్టప్ కాన్ఫిగ్‌లోకి కాపీ చేయకపోతే, కరెంటు పోయి వచ్చేసరికి ఉండదు. మొదటిదాంట్లో దాచినా జరగలేదు, రెండోదాంట్లో జరిగినా దాగలేదు.

కీప్ చేంజెస్: స్క్రీన్ రిజల్యూషన్ మార్చినప్పుడు విండోస్ అడిగే ప్రశ్న. 15 సెకన్లలో జవాబు రాకపోతే పాతదే తిరిగి వస్తుంది. తెర నల్లబడ్డవాడు బటన్ వెతుక్కోలేడని ఎవరో ముందే ఆలోచించారు. నా మటుకు మొత్తం వరుసలో నిజాయతీ గల బటన్ ఇదొక్కటే. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కూడా ఈ మర్యాద పాటిస్తుంది: సేవ్ అండ్ అప్లై తర్వాత బ్రౌజర్‌కు రౌటర్ అందకుండా పోతే, కాసేపు చూసి పాత సెట్టింగులకే వెళ్లిపోతుంది.