ఖడ్గమృగం కొమ్ము వ్యాపారం, తొలి వేట నిషేధాలు

తెలుగు నేలపై ఖడ్గమృగం ఆనవాళ్లు కర్నూలు ప్రాంతపు బిల్లసర్గం గుహల శిలాజాల్లో ఉన్నాయి; జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అడవుల్లో నేడు ఆ జంతువు లేదు. అయినా దాని కొమ్ము కథ ఈ అడవులకూ వర్తిస్తుంది: వేటగాడి చేతులు కట్టేసి, కొనేవాడిని వదిలేస్తే చట్టం సగమే. కొమ్ము ఎముక కాదు, మన గోళ్లలోని కెరటినే. చైనా వైద్యంలో జ్వరానికి దాన్ని పొడిచేసి వాడారు, యెమెన్‌లో బాకులకు పిడులుగా చెక్కారు. గిరాకీ అంత దూరాన ఉంటే అడవిలో కాపలా ఒక్కటే ఏం చేస్తుంది? మద్రాసు ప్రభుత్వం 1873లో అడవి ఏనుగుల వేటకు, బెంగాల్ 1932లో ఖడ్గమృగాల వేటకు అడ్డుకట్ట వేశాయి. రెండూ ప్రధానంగా చంపడాన్ని పట్టించుకున్నాయే తప్ప దూరపు బజారును కాదు.

కాజీరంగాలో 1905 నుంచి కాపాడితేనే కదా 2022 నాటికి ఖడ్గమృగాలు 2,613 అయ్యాయి అనవచ్చు. నిజమే, కాపలా లేకపోతే ఏదీ మిగిలేది కాదు. కానీ అక్కడ ఇప్పటికీ సాయుధ గస్తీ అవసరమవుతోందంటే బయట ధర పలుకుతూనే ఉందని అర్థం. మన దగ్గరా తొలి నిషేధాలు వేట గురించే: పోచారం ఒకప్పుడు నిజాం వేటస్థలం. అక్కడ వేట హక్కు దొరలది, నిషేధం మిగతావాళ్లకు. పాకాల 1952లో అభయారణ్యమైంది. వన్యప్రాణి రక్షణ చట్టం 1972లో వచ్చినా, అత్యంత రక్షిత జంతువుల అవయవాల వ్యాపారాన్ని దేశంలో పూర్తిగా మూసింది 1986 సవరణే.