ఇంగ్లీషులో మర్యాదగా అడగడం

ఒక పని చేసిపెట్టమనో, ఒక వస్తువు ఇమ్మనో, అనుమతి కావాలనో ఎదుటివారిని నొప్పించకుండా అడగడాన్ని మర్యాదపూర్వక అభ్యర్థన అంటారు. తెలుగులో ఈ మర్యాద ఎక్కువగా క్రియ చివరే ఉంటుంది. ‘తలుపు తియ్యి’ అన్నది ‘తలుపు తియ్యండి’ అయితే చాలు, గౌరవం కుదిరిపోతుంది. ఇంగ్లీషు క్రియకు అలాంటి చేర్పు లేదు. ‘ఓపెన్ ద డోర్’ అన్న మాట పిల్లవాడితో అన్నా, పై అధికారితో అన్నా ఒకటే రూపం. కాబట్టి ఆ భాషలో మర్యాద వాక్యం అల్లికలో ఉంటుంది. ఆజ్ఞను ప్రశ్నగా మారుస్తారు, క్రియను భూతకాల రూపంలోకి తెస్తారు, ఎదుటివారు కాదనడానికి దారి ఉంచుతారు.

చరిత్ర

ఇంగ్లీషులోనూ ఒకప్పుడు నువ్వు, మీరు వేరువేరుగా ఉండేవి. ‘దౌ’ ఏకవచనం, ‘యు’ బహువచనం. మన ‘మీరు’ లాగే ‘యు’ను పెద్దలకు గౌరవవాచకంగా వాడేవారు. 17వ శతాబ్దం ముగిసేసరికి ప్రామాణిక భాషలో ‘దౌ’ దాదాపు కనుమరుగై ప్రార్థనల్లోను, కొన్ని మాండలికాల్లోను మిగిలింది. ‘యు’ అంటే ‘నువ్వు’ అని మనం బళ్ళో నేర్చుకుంటాం కానీ, నిజానికి పోయింది నువ్వు, నిలిచింది మీరు. అందరినీ మీరు అనడం మొదలయ్యాక ఆ మాటకు ప్రత్యేకమైన గౌరవం మిగల్లేదు.

‘ప్లీజ్’ అన్నది ‘మీకు ఇష్టమైతే’ అనే అర్థమున్న ‘ఇఫ్ యు ప్లీజ్’ వంటి పదబంధాల నుంచి కుదించుకుని వచ్చింది. అంతకుముందు ‘ప్రే’, ‘ప్రిథీ’ అనే మాటలు ఆ పని చేసేవి. నిఘంటువులు ‘ప్లీజ్’కు ‘దయచేసి’ అని అర్థం ఇస్తాయి గాని రెండింటి తూకం ఒకటి కాదు. ‘దయచేసి’ ఎక్కువగా నోటీసు బోర్డులమీద, రైల్వే ప్రకటనల్లో వినిపించే మాట. ఇంట్లో మంచినీళ్ళు అడిగేటప్పుడు ఎవరూ అనరు. ‘ప్లీజ్’ అలా కాదు, అది నిత్యం నోట్లో నలిగే మాట.

ప్రధాన రూపాలు

అన్నిటికన్నా సూటిగా ఉండేది ఆజ్ఞకు ‘ప్లీజ్’ చేర్చడం. ‘సిట్ డౌన్, ప్లీజ్’ అన్నది అలాంటిదే. ఇది మర్యాదగానే ఉన్నా ఆజ్ఞ ఆజ్ఞే. టీచరు పిల్లలతో అంటే బాగుంటుంది, కొత్త మనిషిని సాయం అడగడానికి సరిపోదు.

తర్వాతి మెట్టు ప్రశ్న. ‘కెన్ యు’ చనువున్న చోట వాడేది. ‘కుడ్ యు’, ‘వుడ్ యు’ అంతకన్నా మెత్తన. ‘కుడ్’, ‘వుడ్’ పుట్టుకలో ‘కెన్’, ‘విల్’ల భూతకాల రూపాలు. భూతకాలం అడిగే విషయాన్ని కాస్త దూరం జరిపి ఒత్తిడి తగ్గిస్తుంది. ఇది తెలుగుకు కొత్తేమీ కాదు. ‘మిమ్మల్ని ఒక సాయం అడుగుదామని వచ్చాను’ అనడంలో మనమూ అదే చేస్తాం. ‘ఐ వజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్ హెల్ప్ మీ’ అన్న వాక్యానికి మన భాషలో దగ్గరి చుట్టం అదే.

అనుమతికి ‘కెన్ ఐ’, ‘కుడ్ ఐ’, ‘మే ఐ’ వాడతారు. మూడోది అన్నిటికన్నా లాంఛనంగా ఉంటుంది. హోటల్లో నీళ్ళు కావాలంటే ‘గివ్ మీ వాటర్’ అనకుండా ‘కుడ్ ఐ హ్యావ్ సమ్ వాటర్, ప్లీజ్?’ అనడం రివాజు. ‘ఐ వాంట్’ బదులు ‘ఐ వుడ్ లైక్’ అంటారు.

‘వుడ్ యు మైండ్’ చిక్కు

తెలుగువారిని ఎక్కువగా తికమక పెట్టే రూపం ఇది. ‘మైండ్’ అంటే ఇక్కడ అభ్యంతరపడటం. రైల్లో ఎదుటి సీటాయన ‘వుడ్ యు మైండ్ ఓపెనింగ్ ద విండో?’ అన్నాడనుకుందాం. ‘కిటికీ తీయడానికి మీకు అభ్యంతరమా?’ అని అడుగుతున్నాడు. తీయడానికి ఇష్టమే అయితే జవాబు ‘నో, నాట్ ఎట్ ఆల్’. ‘యస్’ అంటే అభ్యంతరమే అన్న అర్థం రావచ్చు. అయితే వాడుకలో ‘ష్యూర్’ అంటూ కిటికీ తీసేవారు చాలామంది. చేతల్లో ఒప్పుకోలు కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఎవరూ తప్పు పట్టరు.

ఈ రూపం తర్వాత క్రియకు ‘ఇంగ్’ చేరాలి. ‘వుడ్ యు మైండ్ టు ఓపెన్’ తప్పు. మన పనికి అనుమతి అడిగేటప్పుడు ‘వుడ్ యు మైండ్ ఇఫ్ ఐ ఓపెన్డ్ ద విండో?’ అని భూతకాలం వాడటం వ్యాకరణ పద్ధతి.

సిద్ధాంతాలు

మాటతోనే పని జరుగుతుందన్న ఆలోచనను జె. ఎల్. ఆస్టిన్ తన ఉపన్యాసాల్లో వివరించారు. అవి 1962లో పుస్తకంగా వచ్చాయి. పైకి ఒకటి అంటూ మరొకటి ఉద్దేశించే మాటలపై, అంటే పరోక్ష వాక్కర్మలపై, జాన్ సెర్ల్ 1975లో రాసిన వ్యాసం ఈ చర్చను ముందుకు తీసుకెళ్ళింది. ‘ఉప్పు అందించగలరా?’ అన్నది శక్తిని గురించిన ప్రశ్నలా ఉన్నా నిజానికి అభ్యర్థన. ‘అందించగలను’ అని చెప్పి ఊరుకుంటే సరిపోదు.

పెనలోపి బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్‌ల మర్యాద సిద్ధాంతం 1978లో వెలువడి 1987లో విడి పుస్తకమైంది. వారు ప్రధానంగా తీసుకున్న మూడు భాషల్లో ఇంగ్లీషుతోపాటు తెలుగుకు సోదర భాషయిన తమిళం కూడా ఉంది. మూడోది మెక్సికోలోని సెల్టాల్. ఇద్దరి మధ్య ఉన్న ఎడం, అధికారం, అడిగే పని బరువు అన్న మూడింటినిబట్టి మర్యాద మోతాదు మారుతుందని వారి వాదన. ప్రతి మనిషికీ కాపాడుకోవలసిన ‘ముఖం’ ఉంటుందన్న ఎర్వింగ్ గాఫ్‌మన్ భావన దీనికి పునాది. ‘మొహమాటం’ అన్న మాటలోనే మొహాన్ని పెట్టుకున్న తెలుగువారికి ఈ భావన ఇట్టే అందుతుంది.

తరచు దొర్లే పొరపాట్లు

‘కుడ్ యు టెల్ మీ వేర్ ఈజ్ ద స్టేషన్?’ అన్నది సరికాదు. ప్రశ్నలో ఇమిడిన ప్రశ్నకు మామూలు వాక్యక్రమమే ఉండాలి. ‘కుడ్ యు టెల్ మీ వేర్ ద స్టేషన్ ఈజ్?’ సరైనది. అప్పుగా ఇమ్మని అడిగేటప్పుడు ‘లెండ్’ అనాలి, ‘బారో’ అంటే అప్పు తీసుకోవడం. ‘సజెస్ట్ మీ ఎ బుక్’ కన్నా ‘కుడ్ యు సజెస్ట్ ఎ బుక్?’ మేలు. ‘ప్లీజ్’, ‘కైండ్లీ’ పక్కపక్కనే పెట్టడం అనవసరం.

అన్నిటికన్నా లోతుగా ఉండే పొరపాటు వ్యాకరణంలో కనిపించదు. తెలుగులో ‘పంపండి’ అనుకుని ఇంగ్లీషులో ‘సెండ్ ఇట్’ అని రాస్తే, మనసులో ఉన్న ‘అండి’ అవతలివారికి చేరదు. రాసినవారు ఎంత వినయస్థులైనా చదివేవారికి హుకుంలా వినిపిస్తుంది.

ఉత్తరాలు, ఈమెయిళ్ళు

‘సెలవు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను’ అన్న అర్జీ ధోరణికి అద్దంలా ‘ఐ రిక్వెస్ట్ యు టు కైండ్లీ గ్రాంట్ మీ లీవ్’ అన్నది మన బళ్ళలో, ఆఫీసుల్లో స్థిరపడింది. భారతదేశంలో ఇది మర్యాదే. ‘డూ ద నీడ్‌ఫుల్’ కూడా పాత ఆఫీసు ఇంగ్లీషు నుంచి ఇక్కడ నిలిచిన మాట. బ్రిటన్, అమెరికాల్లో నేడు వినేవారికి మాత్రం ఇవి పాతబడినట్టు, ‘కైండ్లీ’ అయితే కొన్నిసార్లు విసుగుతో అన్నట్టు తోస్తాయి. అక్కడి ఆఫీసులో పనిచేసే తెలుగు ఉద్యోగి ఇలా రాస్తే తేలిక: ‘కుడ్ ఐ టేక్ ఫ్రైడే ఆఫ్, ప్లీజ్? మై సిస్టర్ ఈజ్ గెటింగ్ మ్యారీడ్.’ అడిగినది ఒక ముక్కలో, కారణం మరో ముక్కలో తేలిపోయింది. ఇంకా లాంఛనం కావాలంటే ‘ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు కుడ్’ అని మొదలుపెట్టవచ్చు.

స్వరం, సందర్భం

‘కుడ్ యు ప్లీజ్ వెయిట్’ అన్నప్పుడు ‘ప్లీజ్’ను ఒత్తి పలికితే విసుగు ధ్వనిస్తుంది. ఆ మాట వాక్యం చివర మృదువుగా రావడం మంచిది. ఆపదలో సూటి మాటే సరైనది. మంటలు లేచినచోట ‘కుడ్ యు’ అంటూ కూర్చోనక్కర్లేదు. ఎదుటివారికి మేలు చేసే మాటకూ అంతే. ‘హ్యావ్ సమ్ మోర్ టీ’ అన్నది ఆజ్ఞ రూపమే అయినా ఆప్యాయతగా వినిపిస్తుంది.

పెద్ద సాయం అడిగేటప్పుడు ‘ఇఫ్ యు హ్యావ్ టైమ్’ లాంటి చిన్న తోక చేర్చడం మంచి అలవాటు. వీలుకాకపోతే ఆ మాట చెప్పడానికి అవతలివారు మొహమాటపడనక్కర్లేదని అది ముందే చెబుతుంది. తెలుగులో ‘మీకు వీలైతే’ అనేది ఇందుకే. ‘అండి’ లేని భాషలో ఆ గౌరవాన్ని ఇలాంటి మాటలే మోస్తాయి.