ఫణిగిరి, నాగార్జునకొండ బౌద్ధంలో బ్రహ్మచర్యం, ధ్యానం

బౌద్ధ సంఘంలో బ్రహ్మచర్యమంటే మైథునాన్ని పూర్తిగా విడిచిపెట్టడం. ఈ నియమం తప్పితే సంఘంలో చోటుండదు. సంఘం నుంచి వెలివేసే నాలుగు తప్పుల్లో, అంటే పారాజికాల్లో, మొదటిది ఇదే. వినయపిటకం ప్రకారం ఈ నియమానికి దారితీసినవాడు సుదిన్నుడనే భిక్షువు. వంశం నిలపమని తల్లి బతిమాలితే పూర్వాశ్రమపు భార్యను కలిశాడు. ధ్యానాన్ని అడ్డగించే అయిదు నీవరణాల్లోనూ కామచ్ఛందానిదే (కామవాంఛదే) తొలిస్థానం. అది అణగనిదే ప్రథమ ధ్యానం కుదరదని సుత్తాలు చెబుతాయి.

నేటి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పరిసరాల్లో ఈ సంఘ జీవనానికి ఇక్ష్వాకుల కాలం (క్రీ.శ. 3, 4 శతాబ్దాలు) మహోన్నత దశ. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ, బిక్కేరు వాగు దగ్గర ఫణిగిరి అప్పుడు వర్ధిల్లాయి. నాగార్జునకొండ విహారాల్లో నడుమ స్తంభాల మండపం, చుట్టూ భిక్షువుల చిన్న గదులు ఉండేవి. ఆ గదులకు, చైత్యాలకు ఖర్చు పెట్టినవారిలో సంసారులే ఎక్కువ, అందులోనూ స్త్రీలు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో మహాచైత్యాన్ని నిలిపిన చాంతిసిరి అతని మేనత్త, అత్తగారు కూడా. 14వ ఏట సింహళ థేరుల (పెద్ద భిక్షువుల) కోసం చైత్యగృహం కట్టించిన ఉపాసిక బోధిసిరి ఆ పుణ్యంలో భర్తకూ బంధువులకూ వాటా రాయించింది. భిక్షువుల ఏకాంతం గృహస్థుల దానం మీద నడిచిందనడానికి ఇంతకంటే చక్కని సాక్ష్యం అరుదు. ఫణిగిరిలో మరో ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ ఏట ధర్మచక్రాన్ని ప్రతిష్ఠించినవాడు రాజుగారి ప్రధాన వైద్యుడు. అక్కడి తోరణ శిల్పాల్లో సిద్ధార్థుడు ఇల్లు విడిచే మహాభినిష్క్రమణ ఘట్టం ఉంది.

తర్వాత రాజాదరణ ఆలయాల వైపు మళ్లింది, ఈ విహారాలు మరుగునపడ్డాయి. కాకతీయుల నాటికి సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో రేచర్ల రెడ్ల శివాలయాలు వెలిశాయి.

నాగార్జునకొండలో 1927-31లో లాంగ్‌హర్‌స్ట్, 1954-60లో ఆర్. సుబ్రహ్మణ్యం తవ్వకాలు జరిపారు. ఫణిగిరిని 1940లలో నిజాం పురావస్తు శాఖ, 2001 తర్వాత రాష్ట్ర శాఖ తవ్వాయి. ఫణిగిరి శిల్పాల్లో కొన్ని 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్లాయి.

ధ్యానం మాత్రం వేరే దారిన తిరిగొచ్చింది. బర్మాలో పుట్టిన ఎస్.ఎన్. గోయెంకా 1969లో భారతదేశానికి వచ్చి విపశ్యన ధ్యానం నేర్పడం మొదలుపెట్టారు. ఆ పద్ధతిలో నాగార్జునసాగర్‌లో ధమ్మ నాగజ్జున కేంద్రం నడుస్తోంది. పదిరోజుల శిబిరంలో భార్యాభర్తలు కలిసి వచ్చినా వేర్వేరుగా ఉండాల్సిందే, బ్రహ్మచర్యం అందరికీ తప్పనిసరి. ఇళ్లకు వెళ్లాక గృహస్థులకు వర్తించేది పంచశీలలోని మూడవదే: పరస్త్రీ, పరపురుష సంబంధం వంటి కామ దురాచారానికి దూరంగా ఉండటం.