చిన్న ట్రాక్టరు మీటల వెనక ఉన్న చరిత్ర



ఈసారి ట్రాక్టర్ల గురించి రాయమని మన పిలకాయలే అడిగారు. క్యాసంబళ్ళి చుట్టూ ఏ ఊరికి పోయినా ఇప్పుడు చిన్న ట్రాక్టరు ఒకటి కనపడుతుంది. తోలేవాళ్ళలో కొందరికి మీసాలు కూడా రాలేదు. మడ్‌గార్డు మీద తమ్ముడు, వెనక కల్టివేటరు మీద ఇంకొకడు నిలబడి వస్తుంటారు. చూసి చూసి ఊరుకోలేక చరిత్రతో పాటు జాగ్రత్తలు కూడా కలిపి రాస్తున్నాము. కొంచెం పొడుగైనా ఓపిక పట్టండి.

మేము చదివిన తమిళ బళ్ళో దాన్ని 'ఉళవు ఇయందిరం' అన్నారు. ఇంటికొస్తే అది ట్యాక్టరు. పేరు ఏదైనా, అంతకు ముందు మన చేలల్లో ఉన్నది మడక, జత ఎద్దులు. ఎద్దుకు బుద్ధి ఉంది. మడక కర్రు రాయికి తగిలితే నిలబడిపోతుంది. గెనిమ అంచుకు తోలితే వెనక్కి లాగుతుంది. ఇంజనుకు ఆ బుద్ధి లేదు. ఈ సంగతి ప్రపంచం మనుషుల్ని పోగొట్టుకుని నేర్చుకుంది.

అమెరికాలో హెన్రీ ఫోర్డు 1917లో ఫోర్డ్‌సన్ ట్రాక్టరును పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాడు. చవక బండి, లక్షల్లో అమ్ముడుపోయింది. కానీ నాగలి రాయికో వేరుకో చిక్కుకుంటే వెనక చక్రాలు కదలలేవు. ఇంజను బలం ఎక్కడికి పోవాలి? చక్రాన్ని తిప్పలేక బండినే తిప్పుతుంది. ముందు భాగం గుర్రంలా లేచి, తోలేవాడి మీదికి వెనక్కి పడుతుంది. సెకను లోపే అంతా అయిపోతుంది, దూకడానికి సమయం ఉండదు. అలా చాలామంది రైతులు చనిపోయారు.

దీనికి మందు కనిపెట్టినవాడు ఐర్లండు మెకానిక్కు హ్యారీ ఫెర్గూసన్. నాగలిని గొలుసుతో ఈడ్చకుండా, కింద రెండు చేతులు, పైన ఒక కడ్డీ పెట్టి బండికే బిగించాడు. నాగలి చిక్కుకుంటే ఆ పై కడ్డీ బండి ముందు భాగాన్ని నేలకు అదుముతుంది. ఈరోజు మన బండ్ల వెనకున్న మూడు పాయింట్ల లింకు అదే. ఆయన 1946లో ఇంగ్లండులో తెచ్చిన టీఈ-20 అనే చిన్న ట్రాక్టరులో ఇంకో మంచి పని చేశాడు. గేరు రాడ్డును 'ఎస్' అనే చోటికి తోస్తేనే స్టార్టరు తిరుగుతుంది. గేరులో ఉండగా బండి స్టార్టే కాదు. చిన్న సంగతిలా ఉంటుంది గానీ, ఎంతమంది కాళ్ళు కాపాడిందో!

మన దేశంలో ఐషర్ ట్రాక్టరు 1959లో ఫరీదాబాదులో తయారైంది. ఫెర్గూసన్ వంశం బండి 1960లో మొదలైన టాఫే ద్వారా మద్రాసుకు వచ్చింది. మన చిన్న కయ్యలకు, మల్బరీ సాళ్ళకు ఇవి పెద్దవి. 1967లో బెంగళూరులో వీఎస్‌టీ కంపెనీ జపాను మిత్సుబిషితో కలిసి పవర్ టిల్లర్లు మొదలుపెట్టింది. తర్వాత అదే కంపెనీ 'మిత్సుబిషి శక్తి' చిన్న ట్రాక్టర్లు తెచ్చింది. పద్దెనిమిది గుర్రాల బండి, మామిడి తోపులో కొమ్మల కింద కూడా దూరుతుంది.

మాకు వింతగా తోచేది ఒకటుంది. యంత్రం అంటే ఏమిటో మన ప్రాంతానికి కొత్త కాదు. 1894 నుంచి మారికుప్పానికి రైలు ఉంది. 1964లో ఏర్పడిన బీఈఎంఎల్ మన కేజీఎఫ్‌లోనే బుల్డోజర్లు చేసింది. 2001లో మూతపడే దాకా గనిలో వైండింగ్ డ్రైవరు గంట వినపడనిదే కేజీని కదిలించేవాడు కాదు. పెద్ద జీతగాడైనా, దొర అయినా గంట కొట్టాల్సిందే. అంత కట్టుబాటు చూసిన ఊళ్ళలో, చేనులో మాత్రం ట్రాక్టరు పక్కన నిలబడి స్క్రూడ్రైవరుతో స్టార్టరు తగిలించి బండి లేపుతున్నారు. గేరులో ఉంటే బండి లేచిన క్షణమే ముందుకు దూకుతుంది, మనిషి నిలబడి ఉన్నది వెనక చక్రం ముందరే. ఫెర్గూసన్ అడ్డం పెట్టిన తలుపును మనమే పగలగొట్టినట్టు.

కాబట్టి స్టార్టు చేసేది సీటు మీద కూర్చునే. ఎక్కే ముందు బండి చుట్టూ ఒకసారి నడవాలి, కింద కోడో, కుక్కో, పాపో ఉందేమో చూడాలి. చేతి బ్రేకు బిగించి, గేర్లు న్యూట్రల్లో పెట్టి, పీటీవో తప్పించి, క్లచ్చు పూర్తిగా తొక్కి, అప్పుడు తాళం తిప్పాలి. షెడ్డులో తలుపు మూసి ఇంజను నడపకూడదు, పొగ ప్రాణం తీస్తుంది.

తోలడంలో మనకు పెద్ద గండం గెనిమలు, చెరువు కట్టలు. చిన్న ట్రాక్టరు వెడల్పు మూడు నాలుగు అడుగులు, కాబట్టి పక్కకు పడడం సులువు. మలుపులో వేగం రెండింతలైతే తోసే బలం నాలుగింతలు అవుతుంది. నానిన కట్ట అంచుకు దూరంగా పోవాలి. వాలులో దిగేటప్పుడు న్యూట్రల్లో వదలకూడదు, ఎక్కిన గేరులోనే దిగాలి. వెనక రెండు బ్రేకులు విడివిడిగా ఉంటాయి, చేనులో తిప్పుకోవడానికి. రోడ్డెక్కే ముందు ఆ రెండు పెడల్సుకూ కొక్కెం వేయాలి. వేయకుండా ఒక్కటే తొక్కితే బండి గిరుక్కున తిరుగుతుంది.

ఇంకో మాట, నీలగిరి మొద్దుల గురించి. 2017లో కొత్తగా నాటడాన్ని కర్ణాటక ప్రభుత్వం నిషేధించాక, చాలామంది పాత తోపులు తీసేస్తున్నారు. చిన్న ట్రాక్టరుతో మొద్దు పెరకాలని గొలుసును పై కడ్డీకో యాక్సిలుకో కడుతున్నారు. అది 1917 నాటి ఫోర్డ్‌సన్‌ను తిరిగి తయారుచేయడమే. గొలుసు కింద ఉన్న డ్రాబారుకే కట్టాలి. పెద్ద మొద్దయితే జేసీబీని పిలవండి, ఆ డబ్బు దండగ కాదు.

స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు తోలేవాడి చుట్టూ ఇనప చట్రం ఉండాలని చట్టం చేసింది. బండి పడ్డా మనిషి బతికాడు. మన దగ్గర అమ్మే చిన్న బండ్లలో చాలా వాటికి ఆ చట్రం రాదు. ఉన్నవాళ్ళు బెల్టు పెట్టుకోండి. చట్రం లేనిదానికి బెల్టు కట్టుకోకూడదు, పడితే బండితో పాటు పోతాం.

ఆపడం సంగతి. పాత డీజిల్ బండి తాళం తీస్తే ఆగదు, నాబు లాగాలి. ముందు పీటీవో ఆపాలి. ఆ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది. పంచె అంచో, చీర చెంగో తగిలితే చెయ్యి వెనక్కి తీసుకునే లోపే పని అయిపోతుంది. రోటవేటరు నేలకు దించి, చేతి బ్రేకు వేసి, నాబు లాగి, తాళం జేబులో పెట్టుకుని దిగాలి. తాళం బండికే వదిలితే పిలకాయలకు పండగ.

వాలులో నిలిపితే చక్రం కింద గూటాలు తప్పనిసరి. రైల్వేలో మేము గుమాస్తాలమే అయినా, యార్డులో నిలిపిన వ్యాగన్లకు బ్రేకు వేసి, గొలుసు కట్టి, చక్రాల కింద చెక్క గూటాలు కొట్టడం రోజూ చూసేవాళ్ళం. చెయ్యి అంత మందం, ఒక పక్క వాలుగా చెక్కిన రెండు ముక్కలు చాలు. మా ఇంటి వెనక ఎండిన తుమ్మ మొద్దు ఒకటి ఉంది. గూటాలు చేయించుకునేవాళ్ళు రంపం తెచ్చుకుని వస్తే కోసుకుపోవచ్చు.