భవిష్యత్క్రియా జన్మవిచారము

కాలములు మూఁడని బాలశిక్ష నాఁటినుండియు నేర్పుట యాచారము. జరిగినది భూతము; జరుగుచున్నది వర్తమానము; ఇంకను లేనిది భవిష్యత్తు. లేనిదానిని జెప్పుటకు భాష రూపము నెక్కడనుండి తెచ్చుకొనును? ఈ ప్రశ్న వైయాకరణుల వినోదము మాత్రము కాదు. బాలుఁడు పలికిన మాట తప్పో యొప్పో నిర్ణయింపవలసిన బడిపంతులకును ఇది యావశ్యకమే.

ఇందులకు మంచి నిదర్శనము జైనూరు ప్రాంతము. ఒకప్పుడు నైజాము రాజ్యములోని ఆదిలాబాదు జిల్లాలోఁ జేరి, 2016 నుండి కుమురం భీము ఆసిఫాబాదు జిల్లాలోనున్న యీ సీమలో గోండి, తెలుఁగు, మరాఠీ, ఉర్దూ భాషలు నాలుగును వినవచ్చును. గోండిలో భవిష్యత్ప్రత్యయము ధాతువుమీఁదనే చేరును, సహాయక్రియతోఁ బనిలేదు. మరాఠీలో ‘కరీల్’ అన్నఁ జేయఁగలఁడని యర్థము. ఉర్దూలో ‘కరేగా’ యందురు. అందలి ‘గా’ సంస్కృత ‘గత’ శబ్దమునుండి వచ్చినదని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావుననే స్త్రీవిషయమున నది ‘కరేగీ’ యగుచున్నది. ఇఁక నచ్చటి తెలుఁగువాఁడు ‘రేపు వస్త’ ననును. ‘దినాం వస్త’ ననియు ననును. రూపమొక్కటియే, రేపటి పనియో నిత్యకృత్యమో కాలవాచకమువలననే తెలియును.

ఇది తెలుఁగునకుఁ గొత్త గాదు. పరవస్తు చిన్నయసూరి 19వ శతాబ్ది నడుమ రచించిన బాలవ్యాకరణమున వర్తమాన భూత భవిష్యత్తులకుఁ దోడు తద్ధర్మార్థమును గూడఁ జెప్పెను. ‘వండును’ అనునది తద్ధర్మము. అది స్వభావమును నిత్యవ్యాపారమును దెలుపును. అయినను ‘రేపు వండును’ అన్నచో భవిష్యత్తే స్ఫురించును. కేవల భవిష్యత్తునకు సూరి గ్రహించిన రూపము ‘వండఁగలఁడు’. ఇది యొక పదము కాదు. ‘వండన్’ అను తుమర్థకమును ‘కలఁడు’ అను క్రియయుఁ గలసినది. ద్రుతముమీఁది పరుషము సరళమై, నకారము అరసున్నగా మిగిలినది. సంధి జరిగిన చోటు ఆ యరసున్న చేతనే తెలియును.

ఇట్టి నిర్మాణమే దూరదేశమైన స్పెయినులోఁ గానవచ్చుట విశేషము. లాటినుభాష కొకప్పుడు స్వతంత్ర భవిష్యద్రూపము లుండెను. ‘అమాబిట్’ అన్నఁ బ్రేమింపఁగలఁడు, ‘అమావిట్’ అన్నఁ బ్రేమించెను. కాలక్రమమున బకార వకారముల యుచ్చారణ యొక్కటి కాఁగా భూతభవిష్యత్తులకు భేదము చెడెను. అపుడు జనులు తుమర్థకమునకుఁ ‘గలిగియుండు’ అను నర్థముగల క్రియను జేర్చుకొనిరి. స్పానిషుభాషలో ‘దార్’ అన్న నిచ్చుట. ‘ఎ’ అన్నఁ గలిగియున్నాను. రెండును గలసి ‘దరే’, అనఁగా ఇచ్చెదను. మిగిలిన పురుషములలోను ‘దరాస్’, ‘దరా’, ‘దరాన్’ అని యాక్రియయొక్క రూపములే ప్రత్యయములైనవి. ప్రాచీన స్పానిషులో ‘దార్ తె ఎ’ అని నడుమ ‘నీకు’ అను సర్వనామమును జొప్పించుటయుఁ గలదు. మన యరసున్న యెట్టి సాక్షియో వారి కీ సర్వనామ మట్టి సాక్షి. 1492 లో కాస్టీలుభాషకు వ్యాకరణము రచించిన ఆంటోనియో దె నెబ్రిహా యీ సంయోగమును గుర్తించియే యున్నాఁడు.

సంస్కృతజ్ఞులకు ఇది యద్భుతముగాఁ దోఁపదు. ‘భవిష్యతి’ యందలి స్య ప్రత్యయ మొకటి. నేఁటిది కాని భవిష్యత్తునకుఁ బాణిని విధించిన లుట్టు వేఱొకటి. ‘కర్తాస్మి’ యందు ‘కర్తా’ అనియు ‘అస్మి’ అనియుఁ బదద్వయము స్పష్టము. చేయువాఁడ నై యున్నాను అనుటయే చేయఁగలను అనుటకుఁ బర్యవసించినది. తెలుఁగున ‘కల’ యుండుటను, కలిగియుండుటను గూడఁ జెప్పును. ఉనికి, కలిమి, గమనము: ఎదుటనున్న యీ యర్థములతోనే భాషలు రాఁబోవుదానిని గట్టుకొన్నవి.

ఇట్లు కట్టిన రూపము స్థిరమునుఁ గాదు. నేఁటి వ్యవహారమున ‘చేయగలఁడు’ అన్న శక్తియే ప్రధానార్థము. స్పానిషులోను నిత్యసంభాషణమున ‘పోవు’ క్రియతోఁ గూర్చిన రూపము ప్రబలి, పాతరూప మూహార్థమునకును జెల్లుచున్నది. ‘సెరాన్ లాస్ త్రేస్’ అన్న మూఁడుగంటలై యుండును అని యర్థము. మన ‘ఉండును’ సైతము అచ్చముగా నిదే పనిచేయుచున్నది.

ఈ చర్చకుఁ బ్రయోజనము జైనూరు మండలములోనే కలదు. 1940 లో జోడెఘాటున కుమురం భీము మరణించిన పిమ్మట, గోండుల స్థితిగతులను బరిశీలించుటకు వచ్చిన హైమెండార్ఫు పండితుఁడు మార్లవాయి గ్రామమున నివసించెను. 1943 లో నచ్చట గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మారంభమై, గోండిభాషలో నాగరిలిపితో వాచకములు వెలసెను. బాలుని మాటకు వ్యాకరణము కలదని యొప్పుకొనుటయే యా యుద్యమమునకుఁ బునాది. ‘వస్త’ అను తెలుఁగు బాలునికిని ఆ గౌరవమే చెల్లును. వ్రాఁతలో నేరూపము వ్రాయవలయునో పండితుఁడు నేర్పవలసినదే. కాని కొట్టివేయుటకు ముందు, ఒకే రూపమున నిత్యమును భావియు నిముడుట మన తద్ధర్మార్థక మార్గమే యని యెఱిఁగి చెప్పవలయును. రూపముయొక్క వంశమెఱుఁగక విధించు దండనము శాస్త్రము కానేరదు.